చవక గిటార్, పది వాట్ల యాంప్: సౌండ్ ఎక్కడ పోతోంది?

సీతమ్మధార_స్ట్రమ్మర్
అందరికీ నమస్కారం. నా దగ్గర స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) మోడల్ చవక గిటార్ ఉంది, మూడు సింగిల్ కాయిల్ పికప్స్ (తీగ ఊపును కరెంటుగా మార్చేవి). యాంప్ 10 వాట్లు, 6 అంగుళాల స్పీకర్. ఒక డిస్టార్షన్ పెడల్. క్లీన్‌లో, అంటే పెడల్ లేకుండా, పల్చగా, చెవిలో గుచ్చుకునేలా వస్తోంది. పెడల్ నొక్కితే తేనెటీగల మోత. దానికి తోడు ఎప్పుడూ బజ్. చేతిలో 8,000 ఉంది. పికప్స్ మార్చాలా, యాంప్ మార్చాలా, ఇంకో పెడల్ కొనాలా? ఉండేది అపార్ట్‌మెంట్, వాల్యూమ్ 3 దాటనివ్వరు.

సోల్డర్_బాబాయ్
డబ్బు జేబులోనే ఉంచు తమ్ముడూ. ముందు గిటార్ సెటప్ చూడు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినది వచ్చినట్టు వాయిస్తే ఏ పికప్ వేసినా ఇదే గోల.

కావలసినవి: 9-42 లేదా 10-46 కొత్త తీగల సెట్టు, అలెన్ కీల సెట్టు, అర మిల్లీమీటరు గీతలున్న స్టీల్ స్కేలు, ఫీలర్ గేజ్. ఫీలర్ గేజ్ కోసం గిటార్ షాపుకు పోనక్కర్లేదు. టాపెట్లు సెట్ చేయడానికి మెకానిక్కులు వాడేది అదే, బైక్ స్పేర్ పార్టుల షాపులో దొరుకుతుంది. అలెన్ కీలు పూర్ణా మార్కెట్ వైపు ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా ఉంటాయి.

మొదట నెక్. తీగలు శ్రుతిలో ఉండగా 1వ ఫ్రెట్ మీద కేపో (తీగలను నొక్కి పట్టే క్లిప్పు) పెట్టి, లావు ఈ తీగను చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టు. 8వ ఫ్రెట్ మీద తీగకు, ఫ్రెట్‌కు మధ్య 0.25 మి.మీ. సందు ఉండాలి. ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ను (నెక్ లోపలి ఇనప కడ్డీ) బిగించాలి, అసలు సందే లేకపోతే వదులు చెయ్యాలి. ఒక్కసారికి పావు చుట్టు మించొద్దు. తిప్పాక మళ్లీ శ్రుతి చేసి కొలువు. గట్టిగా పట్టేస్తే బలం చూపించొద్దు, అక్కడితో ఆపి చేయి తిరిగిన వాళ్లకు చూపించు.

తర్వాత యాక్షన్, అంటే తీగల ఎత్తు. 17వ ఫ్రెట్ దగ్గర తీగ అడుగు నుంచి ఫ్రెట్ తల వరకు 1.6 మి.మీ. ఇది ఫెండర్ వాళ్ల ప్రామాణిక కొలత, స్ట్రాట్ తరహా వాటన్నిటికీ మొదలుపెట్టడానికి బాగుంటుంది. గట్టిగా మీటే చేతికి 1.8 కూడా పర్వాలేదు.

ఆ తర్వాతే పికప్ ఎత్తు. నీ 'గుచ్చుకునే' సమస్యలో సగం ఇక్కడే ఉంటుందని నా అనుమానం. చివరి ఫ్రెట్ నొక్కి పట్టి, పోల్ పీస్ (పికప్‌లో ప్రతి తీగ కింద ఉండే లోహపు బొడిపె) తల నుంచి తీగ అడుగు వరకు కొలువు. లావు తీగ వైపు 2 మి.మీ., సన్న తీగ వైపు 1.6 మి.మీ. దీనికన్నా దగ్గరగా ఉంటే ఆల్నికో (ఒక అయస్కాంత లోహం) పోల్ పీసుల అయస్కాంతం తీగను లాగేస్తుంది. లావు తీగ మీద 12వ ఫ్రెట్ పైన వాయిస్తే ఒకే నోటులో రెండు శ్రుతులు కొట్టుకుంటున్నట్టు వినిపిస్తుంది, ఇంటోనేషన్ స్క్రూలు (బ్రిడ్జ్ దగ్గర తీగ పొడవు సరిచేసేవి) ఎంత తిప్పినా కుదరదు.

ఉక్కునగరం_బ్లూస్
బాబాయ్ చెప్పినదానికి చిన్న సవరణ. చవక గిటార్లలో చాలావాటికి పోల్ పీసులు మామూలు ఇనుము, అడుగున సిరామిక్ అయస్కాంతం బద్ద. వాటికి లాగే గుణం తక్కువ, కానీ దగ్గరగా ఉంటే సౌండ్ మరీ గరుకుగా వస్తుంది. వాటిని 2.5 మి.మీ. వరకు దించినా నష్టం లేదు. తగ్గిన వాల్యూమ్‌ను యాంప్ నాబ్‌తో తెచ్చుకోవచ్చు. బ్రిడ్జ్ పికప్ (నెక్‌కు దూరంగా, చివర ఉన్నది) కాస్త పైకి, నెక్ పికప్ బాగా కిందికి. తీగ ఊగేది నెక్ వైపే ఎక్కువ కాబట్టి రెండూ ఒకే ఎత్తులో ఉంటే నెక్ మబ్బుగా, బ్రిడ్జ్ పీలగా వస్తుంది.

నట్‌ను (నెక్ పై చివర తీగలు ఆనే గాళ్ల బద్ద) కూడా వదలొద్దు. తీగను 2, 3 ఫ్రెట్ల మధ్య నొక్కి, 1వ ఫ్రెట్ మీద చూడు. వెంట్రుకంత సందు కనిపించాలి, గోటితో తడితే టిక్ మని చిన్న శబ్దం రావాలి. చవక గిటార్లలో ఈ సందు కంటికి ఆనేంత ఉంటుంది. అంటే నట్ గాడి లోతు చాలలేదు. అప్పుడు ఓపెన్ ఈ మేజర్ కార్డ్ శ్రుతిలో ఉన్నా, ఎఫ్ కార్డ్ పట్టగానే శ్రుతి పైకి పోతుంది. జనం దీన్ని 'టోన్ బాలేదు' అంటారు, అసలు అది శ్రుతి సమస్య. గాడి లోతు చెయ్యడం మాత్రం నట్ ఫైళ్లు ఉన్నవాళ్ల పని. ఒక్క గీత ఎక్కువ పడితే నట్టే మార్చాలి.

గాజువాక_గెయిన్
ఇదంతా సరే గానీ, సిరామిక్ పికప్స్ సిరామిక్ పికప్సే. ఎంత దించినా ఆల్నికో మెత్తదనం రాదు. 8,000లో మంచి పికప్ సెట్టు వేసుకోవడమే తెలివైన పని.

సోల్డర్_బాబాయ్
@గాజువాక_గెయిన్ 6 అంగుళాల స్పీకర్‌లో ఆ తేడా ఎంత వినబడుతుంది గురూ? పికప్ మార్చే ముందు ఉన్నది ఏమిటో కొలవాలి. కేబుల్‌ను గిటార్‌కు పెట్టి, వాల్యూమ్, టోన్ రెండూ 10లో ఉంచి, మల్టీమీటర్‌ను 20కె ఓమ్స్‌లో పెట్టి కేబుల్ రెండో చివర కొన మీద ఒక ముల్లు, మొదలు మీద ఇంకో ముల్లు పెట్టు. సింగిల్ కాయిల్ అయితే సుమారు 5.5 నుంచి 7 కిలో ఓమ్స్ చూపిస్తుంది. పికప్ స్విచ్ 2 లేదా 4లో పెడితే రెండు కాయిల్స్ సమాంతరంగా ఉంటాయి కాబట్టి అందులో సగం చూపాలి. 20కెలో రీడింగే రాకపోతే మీటర్ రేంజ్ పెంచు. 250కె లేదా 500కె దగ్గర చూపిస్తే కాయిల్ తెగిందని అర్థం. నువ్వు కొలుస్తున్నది వాల్యూమ్ పాట్‌నే (నాబ్ కింద తిరిగే రెసిస్టర్).

అదే సమయంలో పాట్ విలువ కూడా చూసుకో. సింగిల్ కాయిల్స్‌కు 250కె ఉండాలి. 500కె పాట్ వేసి ఉంటే ట్రెబుల్ అవసరానికి మించి బయటికి వస్తుంది. పికప్ సెట్టు ఖరీదులో పదో వంతు కూడా అవ్వని పాట్ మార్పుతో ఈ గుచ్చుకోవడం సగం తగ్గుతుంది. హంబకర్ల (రెండు కాయిల్స్ జతగా ఉండే పికప్స్) విషయంలో దీనికి తిరగబడి, 250కె వేస్తే మూసుకుపోతాయి, 500కె కావాలి.

ఇంకొకటి, ఎవరూ వాడని టోన్ నాబ్! దాన్ని 6 లేదా 7కు దించి వాయించి చూడండి. పది మీదే పెట్టి ట్రెబుల్ ఎక్కువైందని ఏడవడం ఏం న్యాయం?

మధురవాడ_మిడ్స్
యాంప్ గురించి నేను చెప్తాను, అసలు దొంగ అక్కడే.

లావు ఈ తీగ ఫ్రీక్వెన్సీ 82 హెర్ట్జ్. 6 అంగుళాల స్పీకర్, చిన్న ప్లైవుడ్ డబ్బా, దాన్ని సరిగా పలకలేవు. మీరు బాస్ నాబ్ 8లో పెడితే స్పీకర్ బాస్ ఇవ్వదు. కోన్ ఊగి ఊగి చచ్చి, మిగతా నోట్లన్నీ బురదవుతాయి. బాస్ 3, మిడ్ 7, ట్రెబుల్ 5తో మొదలుపెట్టండి. గదిలో ఒక్కరే వాయించేటప్పుడు మిడ్ తీసేస్తే బ్రహ్మాండంగా అనిపిస్తుంది, డ్రమ్స్ పక్కన నిలబడితే మీ గిటార్ ఎక్కడుందో మీకే తెలీదు.

యాంప్ నేల మీద, గోడ మూలలో ఉందా? మూలలో బాస్ ఉబ్బుతుంది. పైగా స్పీకర్ మీ మోకాళ్లకు పాడుతోంది, చెవులకు కాదు. గిటార్ స్పీకర్ ట్రెబుల్‌ను నేరుగా ముందుకే విసురుతుంది. మోకాళ్ల ఎత్తులో పెట్టుకుని సరిచేసిన టోన్, ఎదురుగా కూర్చున్నవాడికి చెవులు చిల్లులు పడేలా ఉంటుంది. ఒక చెక్క స్టూలు మీద పెట్టి కాస్త వెనక్కి వాల్చండి, గోడకు అడుగు దూరం ఉంచండి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, కుర్చీయే గిలగిలలాడుతుంది.

యాంప్ మార్చాలంటే వాట్లు చూడకండి, స్పీకర్ సైజు చూడండి. 10 నుంచి 20 వాట్లకు పోతే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. 6 నుంచి 10 లేదా 12 అంగుళాల స్పీకర్‌కు పోతే గిటార్ మారినట్టు ఉంటుంది. బాస్ (Boss) కంపెనీ కటానా 50 యాంప్ సెకండ్ హ్యాండ్‌లో మంచి స్థితిలో దొరికితే అపార్ట్‌మెంట్‌కు అంతకన్నా అక్కర్లేదు. 12 అంగుళాల స్పీకర్, 0.5 వాట్ల స్థాయికి దించే ఏర్పాటు ఉంది. మీ బడ్జెట్‌లో రాదు, ఇంకొన్నాళ్లు ఆగండి.

ట్రూబైపాస్_టామీ
> పెడల్ నొక్కితే తేనెటీగల మోత

దీనికి కారణం నాకు తెలిసి రెండు. ఒకటి, డిస్టార్షన్ గెయిన్ పూర్తిగా, యాంప్ గెయిన్ కూడా పూర్తిగా పెట్టడం. రెండోది, పెడల్‌ను నేరుగా బ్లూటూత్ స్పీకర్‌కో, హోమ్ థియేటర్‌కో పెట్టడం. గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ పైన మొత్తం కోసేస్తుంది, డిస్టార్షన్‌లో పుట్టే రంపపు శబ్దాన్ని మింగేది అదే. మామూలు స్పీకర్ 15 కిలోహెర్ట్జ్ దాకా నిజాయితీగా పలికిస్తుంది. అదే మీకు వినిపించే తేనెటీగ. అలా వాయించాలంటే మధ్యలో క్యాబినెట్ సిమ్యులేషన్ (గిటార్ స్పీకర్‌ను అనుకరించేది) తప్పనిసరి.

ఇక పెడల్ సంగతి. ఈ యాంప్‌కు అన్నిటికన్నా బాగా నప్పేది ట్యూబ్ స్క్రీమర్ అనే పెడల్ తరహా ఓవర్‌డ్రైవ్ (మెత్తటి డిస్టార్షన్). ఎందుకంటే దాని గెయిన్ స్టేజ్‌లో 4.7కె రెసిస్టర్, 0.047 మైక్రోఫారాడ్ కెపాసిటర్ ఉంటాయి. ఆ రెండూ కలిసి 720 హెర్ట్జ్ కింద గెయిన్‌ను తగ్గిస్తూ పోతాయి. అంటే చిన్న స్పీకర్ మోయలేని బాస్ డిస్టార్షన్‌లోకే వెళ్లదు. డ్రైవ్ నాబ్ సున్నాలో ఉన్నా గెయిన్ దాదాపు 12 రెట్లు ఉంటుంది, పూర్తిగా తిప్పితే 118 రెట్లు. కాబట్టి నాబ్‌ను గడియారం ముల్లు అనుకుంటే డ్రైవ్ 9 గంటల దగ్గర, లెవెల్ 2 గంటల దగ్గర, టోన్ 11 దగ్గర. యాంప్ కాస్త గెయిన్‌తో సౌండ్ గరుకెక్కే అంచున ఉండాలి, పెడల్ దాన్ని ముందుకు తొయ్యాలి.

చవకలో బెహ్రింగర్ టీఓ800 ఈ కోవదే. ప్లాస్టిక్ డబ్బా కాబట్టి బూటు కాలితో తొక్కొద్దు, ఇంట్లో చాలు. జోయో వింటేజ్ ఓవర్‌డ్రైవ్ ఇనప డబ్బాలో వస్తుంది. బాస్ (Boss) ఎస్‌డీ-1 సెకండ్ హ్యాండ్ కూడా చూడండి, దానిలో ఒక వైపు రెండు డయోడ్లు, ఇంకో వైపు ఒకటి ఉండటంతో కాస్త వేరే గరుకుదనం వస్తుంది. ముగ్గురిలో ఎవరు తక్కువకు దొరికితే వారే.

అయితే యాంప్ క్లీన్ తప్ప ఇంకేదీ బాగా ఇవ్వకపోతే జోయో అమెరికన్ సౌండ్ కొనండి. అది ఫెండర్ తరహా యాంప్‌ను, స్పీకర్‌ను కలిపి అనుకరించేది. ఇయర్‌ఫోన్స్‌కు, రికార్డింగ్‌కు కూడా పనికొస్తుంది.

ఉక్కునగరం_బ్లూస్
టామీ, సోల్డర్ పట్టగలిగితే ఆ 0.047ను 0.1 మైక్రోఫారాడ్‌కు మార్చమని చెప్పు. కట్ పాయింట్ 720 నుంచి 340 హెర్ట్జ్ దగ్గరికి దిగుతుంది. సింగిల్ కాయిల్‌తో ఆ పెడల్ కాస్త ముక్కుతో మాట్లాడుతుంది, అది తగ్గుతుంది. 12 అంగుళాల యాంప్ వచ్చాక చేసుకోవలసిన పని, 6 అంగుళాల దానితో వద్దు.

బీచ్‌రోడ్_బెండ్
బజ్ గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి?

సోల్డర్_బాబాయ్
ఇదిగో, రాస్తున్నాను. బజ్‌లో మూడు రకాలు, మందు వేరు వేరు.

తీగ ముట్టుకుంటే బజ్ తగ్గుతుందా? అది మామూలే, బ్రిడ్జ్ గ్రౌండ్ వైరు పని చేస్తోందని అర్థం. ముట్టుకుంటే *పెరిగితే* జాక్ వైర్లు తారుమారై ఉండవచ్చు. తీగ ముట్టుకున్నప్పుడు జివ్వుమంటే మాత్రం ప్లగ్ పీకెయ్, ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా వాయించకు. అద్దె ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. అతనితో కొలిపించు: ఫేజ్-న్యూట్రల్ 230 వోల్టులు ఉంటే ఫేజ్-ఎర్త్ కూడా దగ్గరదగ్గర అంతే ఉండాలి. ఎక్కడో 90 దగ్గర ఊగిసలాడుతుంటే ఆ సాకెట్‌కు ఎర్త్ లేనట్టే. హమ్ పోతుందని యాంప్ ప్లగ్ ఎర్త్ పిన్ను తీసేసే పని చచ్చినా చెయ్యొద్దు.

గదిలో నువ్వు తిరిగే దిక్కును బట్టి బజ్ మారుతుంటే అది సింగిల్ కాయిల్ పట్టుకుంటున్న హమ్. స్విచ్ 2 లేదా 4లో పెట్టు. మధ్య పికప్ తిరగేసి చుట్టినదైతే హమ్ దాదాపు పోతుంది. పోకపోతే నీ గిటార్‌లో ఆ ఏర్పాటు లేదు.

మూడోది, సన్నగా గీకుతున్నట్టు ఉండే బజ్. ఫ్యాన్ ఆపి చూడు! తిప్పే రకం పాత ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లలో ట్రయాక్ కరెంటును ముక్కలు ముక్కలుగా కోస్తుంది, ఆ గీత నీ పికప్‌లోకి వస్తుంది. స్టెప్పులుగా కెపాసిటర్లతో నడిచే రెగ్యులేటర్ వేయించుకుంటే తీరిపోతుంది. అలాగే కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడే మోత వస్తే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్, ప్యూర్ సైన్ వేవ్‌తో ఆ బాధ ఉండదు.

బీచ్‌రోడ్_బెండ్
విశాఖలో ఎండాకాలం ఫ్యాన్ ఆపి వాయించమంటే ఎలా బాబాయ్ 😅

గిటార్ లోపల రాగి టేపు అతికిస్తే?

సోల్డర్_బాబాయ్
అతికించు, ఫ్యాన్ గీత బాగా తగ్గుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ హమ్ మాత్రం తగ్గదు, అది అయస్కాంత క్షేత్రం. వాహక జిగురున్న రాగి టేపు అడుగు. పికప్ గుంతలు, కంట్రోల్ గుంత, పిక్‌గార్డ్ వెనక వైపు. ముక్కలు ఒకదాని మీద ఒకటి 5 మి.మీ. ఎక్కాలి. మల్టీమీటర్ బీప్‌లో పెట్టి ఈ మూల నుంచి ఆ మూలకు చూడు, ఎక్కడైనా బీప్ రాకపోతే ఆ అతుకు మీద చుక్క సోల్డర్. చివరగా వాల్యూమ్ పాట్ వెనక నుంచి ఒక వైరు టేపుకు. స్విచ్ కాళ్లు, జాక్ హాట్ కాలు టేపుకు తగిలితే మొత్తం సౌండ్ పోతుంది, అక్కడ ఇన్సులేషన్ టేపు వెయ్యి.

మధురవాడ_మిడ్స్
కేబుల్‌ను మరచిపోయారు. మామూలు కేబుల్ మీటరుకు సుమారు 100 పికోఫారాడ్లు. స్ట్రాట్ పికప్ ఇండక్టెన్స్ 2.5 హెన్రీ అనుకుంటే 3 మీటర్ల కేబుల్‌తో పికప్ సౌండ్ అన్నిటికన్నా పైకి లేచే శిఖరం దాదాపు 5 కిలోహెర్ట్జ్‌లో ఉంటుంది, 7 మీటర్లతో 3.5కు దిగుతుంది. మన స్ట్రమ్మర్‌కు ట్రెబుల్ ఎక్కువైంది కాబట్టి పొడవు కేబుల్ నిజానికి మేలు చేస్తుంది! హంబకర్ వాళ్లు 3 మీటర్లు దాటకండి.

వాల్యూమ్ తగ్గిస్తే సౌండ్ మబ్బేస్తుందనే వాళ్లకు: వాల్యూమ్ పాట్ మొదటి కాలుకు, మధ్య కాలుకు మధ్య 150కె రెసిస్టర్, 1000 పికోఫారాడ్ కెపాసిటర్ సమాంతరంగా పెట్టండి. రెసిస్టర్ మీద గోధుమ, ఆకుపచ్చ, పసుపు చారలు, కెపాసిటర్ మీద 102 అని ఉంటుంది. డాబాగార్డెన్స్ వైపు ఎలక్ట్రానిక్స్ విడిభాగాల షాపులో రెండూ కలిపి టీ ఖర్చు.

భీమిలి_బార్‌కార్డ్
సముద్రం దగ్గర ఉండేవాళ్లకు ఒక మాట. మన ఉప్పు గాలికి మామూలు నికెల్ తీగలు త్వరగా చచ్చిపోతాయి. చనిపోయిన తీగలో పై హార్మోనిక్స్ ఉండవు, శ్రుతి కుదరదు, ఏ పెడలూ దాన్ని బతికించదు. వాయించాక పొడి నూలు గుడ్డతో తీగను పైన, కింద రెండు వైపులా తుడవండి. పూత వేసిన తీగలు ఖరీదు ఎక్కువైనా ఇక్కడ లెక్క సరిపోతుంది.

శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్క) స్క్రూలు కూడా చూడండి. గుంతలో నారింజ రంగు పొడి కనిపిస్తే అలెన్ కీ పెట్టి తిప్పకండి, లోపలి అంచులు అరిగి గుండ్రంగా అయిపోతాయి, ఇక ఆ స్క్రూ రాదు. సూది మొనతో పొడి గోకి తీసి, కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేసి రాత్రంతా వదలండి. కీ అడుగు దాకా దిగిందో లేదో చూసుకుని అప్పుడు తిప్పండి. పాట్లు కరకరమంటే కాంటాక్ట్ క్లీనర్ లోపలికి కొట్టి, ఆ చివర నుంచి ఈ చివరకు ఇరవై ముప్పై సార్లు తిప్పాలి. వానాకాలంలో కేసులో సిలికా జెల్ పొట్లాలు. ఏసీ గదిలో ఉంచి బయటికి తెస్తుంటే నెక్ కదులుతుంది, రిలీఫ్ (8వ ఫ్రెట్ దగ్గరి ఆ సందు) మళ్లీ కొలవండి.

గాజువాక_గెయిన్
సరే, పికప్స్ విషయంలో వెనక్కి తగ్గను గానీ, వరస మాత్రం ఒప్పుకుంటాను. సెటప్, పెద్ద స్పీకర్, ఆ తర్వాత పికప్. అప్పుడు నా మాటే నెగ్గుతుంది, చూడండి.

సీతమ్మధార_స్ట్రమ్మర్
చాలా థాంక్స్ అండి. పికప్స్ కొలిచాను, బ్రిడ్జ్ సన్న తీగ వైపు 1 మి.మీ. కూడా లేదు. పాట్ మీద బి500కె అని ఉంది. ఓవర్‌డ్రైవ్ కొంటే దానికి ఇంట్లో ఉన్న వైఫై రౌటర్ అడాప్టర్ పెట్టుకోవచ్చా? పిన్ సరిపోయేలా ఉంది.

సోల్డర్_బాబాయ్
చూశావా! 500కె, పైగా 'బి', అంటే లీనియర్. వాల్యూమ్ 10 నుంచి 3 దాకా పెద్దగా మారదు, ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. 'ఎ250కె' అడిగి తెచ్చుకో. పాత పాట్ షాఫ్ట్ పళ్లదా, నునుపుదా చూసుకుని వెళ్లు, లేకపోతే నాబ్ ఎక్కదు. బ్రిడ్జ్ పికప్‌ను ఇవాళే 2 మి.మీ.కు దించు.

ట్రూబైపాస్_టామీ
రౌటర్ అడాప్టర్ ససేమిరా వద్దు. చాలావరకు 12 వోల్టులు, మధ్య పిన్ పాజిటివ్. ఈ పెడల్స్‌కు కావలసింది 9 వోల్టులు, మధ్య పిన్ *నెగెటివ్*. అడాప్టర్ మీద సి ఆకారంలో ఉన్న బొమ్మ చూడండి: మధ్య చుక్కకు కలిసిన గీత చివర మైనస్ గుర్తు ఉండాలి. కొత్తది కొనేటప్పుడు 9 వోల్టులతో పాటు మిల్లీ ఆంపియర్లు కూడా చూడండి. ఓవర్‌డ్రైవ్‌కు 10 లోపే చాలు, డిజిటల్ డిలే తర్వాత జత చేస్తే ఒక్కటే వంద అడగవచ్చు. ఆ రెండిటినీ ఒకే డైసీ చైన్ వైరు (ఒక అడాప్టర్ నుంచి చాలా పెడల్స్‌కు చీలే వైరు) మీద పెడితే డిలే లోపలి క్లాక్ కూత ఓవర్‌డ్రైవ్‌లోంచి వినిపిస్తుంది. అప్పుడు డిలేకు వేరే అడాప్టర్ ఇవ్వండి.